జింక వేటకు చవక మజిల్‌లోడర్: కొన్న రోజు నుంచి గురి కుదిరే దాకా

అమెరికాలోని ఒహాయోలో జనవరి మొదట్లో నాలుగు రోజుల మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు దట్టించి పేల్చే తుపాకీ) సీజన్ ఉంటుంది. మంచు కప్పిన మొక్కజొన్న మోళ్ల పక్కన కూర్చుని తెల్లతోక జింక కోసం ఎదురుచూసే రోజులవి. ఈ వేట మొదలుపెట్టాలనుకునే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "మూడు వందల డాలర్ల తుపాకీతో పనవుతుందా?"

అవుతుంది. తుపాకీ చవకదైనా పర్వాలేదు, దాన్ని సిద్ధం చేసే పనిలో మాత్రం చవకతనం చూపించకూడదు. మజిల్‌లోడర్‌లో మీ చేతిలో ఉండేది ఒక్క గుండు. రెండోది దట్టించేలోపు జింక అడివి దాటిపోతుంది. గురి తప్పి గాయపడితే ఇంకా ఘోరం, అది ఎక్కడో పొదల్లో పడి నరకం అనుభవిస్తుంది. కాబట్టి మొదటి గుండు ప్రతిసారీ ఒకే చోట పడేలా చేసుకోవడమే మన పనంతా. మందు కొలత, దట్టించే బలం, గొట్టం శుభ్రత, ఇవన్నీ ప్రతిసారీ ఒకేలా ఉంటే చవక తుపాకీ కూడా మాట వింటుంది.

మజిల్‌లోడర్ అంటే కొత్త సంగతేమీ కాదు. మన ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకీ అనేదానికి ఇది దగ్గరి చుట్టమే. మూతి వైపు నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించి పేల్చడం. ఇక్కడిది ఫ్యాక్టరీలో చేసింది, గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి, వెనక ప్రైమర్‌తో (మందుకు నిప్పంటించే చిన్న గుళిక) పేలుతుంది. అంతవరకే పోలిక. ఆంధ్ర, తెలంగాణల్లో దుప్పినైనా కణితినైనా కృష్ణజింకనైనా వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నేను చెప్పేదంతా అమెరికాలో లైసెన్సుతో, సీజన్లో, చట్టబద్ధంగా చేసే వేట గురించే.

తుపాకీ కంటే ముందు కాగితాలు

మొదటిసారి వేట లైసెన్సు తీసుకునేవాళ్లు ఒహాయోలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. దాని తర్వాత లైసెన్సు, దానితోపాటు జింకకు విడిగా పర్మిట్. తుపాకీ సీజన్లలో నారింజ రంగు కోటో వెస్టో తప్పనిసరి.

హెచ్1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. నల్ల తుపాకీమందుతో (బ్లాక్ పౌడర్) గానీ, దాని బదులు వాడే మందుతో గానీ మాత్రమే పేలే మజిల్‌లోడర్లను ఆ చట్టం పాతకాలపు ఆయుధాల కింద విడిగా చూస్తుంది. అయితే గొట్టం మార్చి మామూలు తూటాలు పేల్చుకోగలిగే మోడళ్లకు ఆ వెసులుబాటు వర్తించదు. పైగా రాష్ట్రాల చట్టాలు వేరువేరు. ఒక స్నేహితుడు చెప్పాడనో, షాపులో అన్నారనో కొనేయకండి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

ఏ రాష్ట్రంలో వేటాడతారో ఆ రాష్ట్రం నిబంధనలు కూడా కొనకముందే చదవండి. ఒహాయోలో స్కోప్ (గురి చూసే దుర్బిణి) పెట్టుకోవచ్చు. అదే కొలరాడో మజిల్‌లోడర్ సీజన్లో స్కోప్ కుదరదు, బిళ్లల రూపంలో ఉండే మందు కుదరదు, ప్లాస్టిక్ తొడుగు వేసిన గుండూ కుదరదు. ఇక్కడ సిద్ధం చేసుకున్న తుపాకీని అక్కడికి తీసుకెళ్తే వేట మొదలవకముందే ముగిసిపోతుంది.

ఏది కొనాలి

సీవీఏ వుల్ఫ్, ట్రెడిషన్స్ బక్‌స్టాకర్. మొదటి తుపాకీకి ఈ రెండింటిలో ఏదైనా చాలు. రెండూ .50 క్యాలిబర్ (అంటే గొట్టం రంధ్రం అర అంగుళం), రెండింటికీ 24 అంగుళాల గొట్టం, రెండూ మధ్యలో విరిచి తెరిచే రకం, రెండూ 209 ప్రైమర్‌తో పేలతాయి. గొట్టంలో గాడి 28 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, ప్లాస్టిక్ తొడుగు గుండ్లకు అది బాగా నప్పుతుంది. నేనైతే బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక చివరను మూసే మర బిరడా) పనిముట్లు అక్కర్లేకుండా చేత్తో ఊడదీయగలిగేదే కొనమంటాను. కడగడానికీ, మందు దట్టించిన తుపాకీని ఖాళీ చేయడానికీ, గురి మొదటి మెట్టుకీ అన్నింటికీ అదే దారి.

పాత తుపాకీ కొంటుంటే బ్రీచ్ ప్లగ్ తీసి, గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. లోపల అద్దంలా మెరవాలి. నల్లటి మచ్చలూ గుంటలూ కనిపిస్తే అది వాడాక కడగకుండా వదిలేసిన తుపాకీ. ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు.

ఇంట్లో చేయాల్సిన పని

కొత్త తుపాకీకి తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో నూనె రాసి పంపుతారు. బ్రీచ్ ప్లగ్ తీసి, ద్రావకం అద్దిన గుడ్డ ముక్కలతో గొట్టాన్ని తుడవండి. గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా తుడవాల్సిందే. ప్లగ్ మరలకు బ్రీచ్ ప్లగ్ గ్రీజు రాసి బిగించండి. గ్రీజు మరిచిపోతే ఇరవై గుండ్ల తర్వాత అది పట్టేసి రెంచీకి కూడా లొంగదు.

ఇప్పుడు కడ్డీకి గుర్తు పెట్టాలి. ఈ తుపాకీతో ప్రాణాలు నిలబెట్టే అలవాటు ఇదే. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీని అడుగంటా దించి, మూతి దగ్గర కడ్డీ మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. రేంజ్‌లో (తుపాకీ పేల్చి సాధన చేసే చోటు) మీ మందూ గుండూ ఖాయమయ్యాక, దట్టించి ఉన్నప్పుడు ఇంకో గీత. ఇక ఎప్పుడు అనుమానం వచ్చినా కడ్డీ దించి చూస్తే తుపాకీ ఖాళీగా ఉందో నిండుగా ఉందో తెలిసిపోతుంది. ఒకసారి దట్టించిన సంగతి మరిచి మళ్లీ మందు పోస్తే గొట్టం పగులుతుంది. గుండు మందును తాకకుండా మధ్యలో ఖాళీ మిగిలినా గొట్టం ఉబ్బిపోవచ్చు, పగలొచ్చు. ఈ రెండు ప్రమాదాలనూ ఆ రెండు గీతలు పట్టిస్తాయి.

తర్వాత స్కోప్. నా మొదటి సీజన్ దీని దగ్గరే చెడింది. స్కోప్‌తో కలిపి ప్యాకేజీగా అమ్మిన తుపాకీ కొన్నాను, షాపువాళ్లే బిగించి ఇచ్చారు కదా అని ముట్టుకోలేదు. రేంజ్‌లో ఒక గుండు కుడికి, ఒకటి పైకి, ఇంకోటి కాగితం మీదే లేదు. మందు మార్చాను, గుండు మార్చాను, రెండు శనివారాలు పోయాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన వచ్చి స్కోప్‌ని వేళ్లతో పట్టుకుని ఊపి చూపించాడు. అది కదిలింది. కింద బేస్ (స్కోప్‌ని తుపాకీకి పట్టి ఉంచే పలక) స్క్రూలు రెండూ వదులు.

అందుకే ఎవరు బిగించినా మీరు మళ్లీ బిగించండి. స్కోప్ తీసి, బేస్ స్క్రూలు కూడా తీసి, రంధ్రాల్లో ఉన్న నూనె పూర్తిగా తుడిచి, స్క్రూకి నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి బిగించండి. స్కోప్‌ని రింగుల్లో పెట్టాక, తుపాకీ భుజానికి ఆనించి కళ్లు మూసుకుని చెంప పిడి మీద ఆనించండి. కళ్లు తెరవగానే అంచుల్లో నల్లటి నీడ లేకుండా నిండు చిత్రం కనపడాలి. కనపడకపోతే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి, మీ మెడని కాదు. కంటికీ స్కోప్‌కీ మధ్య దాదాపు నాలుగు అంగుళాలు ఉండనివ్వండి. ఈ తుపాకీలు తేలిక, వెనక్కి గట్టిగా తన్నుతాయి. దగ్గరగా ఉంటే స్కోప్ అంచు కనుబొమ్మను చీలుస్తుంది. రింగు స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించుకుంటూ రండి.

మందూ, గుండూ

ఇక్కడ ఒక్క మాట రాయిలా గుర్తుండాలి: మామూలు తూటాల్లో వాడే పొగరాని మందు ఈ తుపాకీలో ఎప్పుడూ, ఎంత కొంచెమైనా పోయకూడదు. గొట్టం బాంబులా పేలుతుంది. నల్ల తుపాకీమందు గానీ, దానికి బదులుగా వాడమని డబ్బా మీద రాసి ఉన్న పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటివి గానీ మాత్రమే.

మొదటి ఏడాదికి 50 గ్రెయిన్ల (మందునూ గుండునూ కొలిచే చిన్న ప్రమాణం) బిళ్లలు రెండు, అంటే 100 గ్రెయిన్లు, సరిపోతాయి. మూడు బిళ్లల దాకా వేయొచ్చని మాన్యువల్లో ఉంటుంది. వంద గజాల లోపు జింకకి అది అనవసరం. తన్ను ఎక్కువ, భుజం నొప్పికి భయపడి ట్రిగ్గర్ కుదుపుతారు, గురి చెదురుతుంది. పైరోడెక్స్ బిళ్లలకు ఒక చివర నల్లగా ఉంటుంది, అది కిందికి, ప్రైమర్ వైపు ఉండాలి. ట్రిపుల్ సెవెన్ బిళ్లలకి ఆ పట్టింపు లేదు.

పొడి మందు వాడితే కొలత గొట్టంలో పోసి కొలవండి. డబ్బాలోంచి నేరుగా తుపాకీలో ఎప్పుడూ పోయొద్దు. లోపల నిప్పు రవ్వ మిగిలి ఉంటే చేతిలో ఉన్న డబ్బా అంటుకుంటుంది. ఈ మందు కొలతలు పరిమాణానివి, బరువువి కావు. తక్కెడలో తూచి 100 గ్రెయిన్లు పోస్తే ఎక్కువ పడిపోతుంది. బ్లాక్‌హార్న్ 209 శుభ్రంగా మండుతుంది, గుండుకీ గుండుకీ మధ్య తుడవక్కర్లేదు. కానీ ఖరీదు ఎక్కువ, గట్టి 209 ప్రైమర్ కావాలి, కొన్ని తుపాకీలకు బ్రీచ్ ప్లగ్ మార్చాలి. మాన్యువల్ చూసి కొనండి.

గుండు సంగతికొస్తే, ప్లాస్టిక్ తొడుగులో కూర్చునే, 250 గ్రెయిన్ల బరువున్న హార్నడీ ఎస్ఎస్‌టీ లాంటిది ఒకటి, తొడుగు లేని పవర్‌బెల్ట్ లాంటిది ఒకటి, రెండు రకాలు చిన్న ప్యాకెట్లు కొనండి. ఏది నప్పుతుందో మీ తుపాకీయే చెప్తుంది. పక్కవాడి తుపాకీకి నప్పింది మీదానికి నప్పాలని లేదు.

రేంజ్‌లో

కొలంబస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి డెలావేర్ వన్యప్రాణి ప్రాంతంలో, డేటన్ వైపు వాళ్లకి స్ప్రింగ్ వ్యాలీలో రాష్ట్ర ప్రభుత్వ రేంజ్‌లు ఉన్నాయి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ, ఇసుక సంచులు, గుడ్డ ముక్కల ప్యాకెట్, గురి పెట్టడానికి ఒక పెద్ద అట్ట. తొందర లేని రోజు చూసుకుని వెళ్లండి. పదిహేను గుండ్లు పేల్చడానికి ఒక పూట పడుతుంది.

గుండు ఖర్చు పెట్టకుండానే గురి సగం కుదుర్చుకోవచ్చు. ఖాళీ తుపాకీ బ్రీచ్ ప్లగ్ తీసి, ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, వెనక నుంచి గొట్టంలోకి చూడండి. గుండ్రటి చీకట్లో అవతలి చివర చిన్న వెలుగు బిళ్ల కనిపిస్తుంది. 25 గజాల దూరంలో ఉన్న అట్ట నల్ల చుక్క ఆ బిళ్లకి సరిగ్గా నడిమధ్యకి వచ్చేలా తుపాకీని సర్దండి. ఇప్పుడు తుపాకీని కదపకుండా స్కోప్‌లోంచి చూస్తూ, స్కోప్ బిరడాలు తిప్పి గుర్తును అదే చుక్క మీదికి తీసుకురండి. మళ్లీ గొట్టంలోంచి చూడండి, మళ్లీ స్కోప్‌లోంచి. రెండూ ఒకే చుక్కని చూస్తుంటే మొదటి గుండు తప్పకుండా అట్ట మీద పడుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. లేజర్ పరికరానికి పెట్టే డబ్బుతో ఇంకో ప్యాకెట్ గుండ్లు కొనుక్కోవచ్చు.

ప్లగ్ మళ్లీ బిగించి, మందు లేకుండా ఒక ప్రైమర్ పేల్చండి. దారిలో మిగిలిన నూనె కాలిపోతుంది. పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. ఇక దట్టించే వరస ఇది, ఎప్పుడూ మారకూడదు:

1. కడ్డీ దించి గొట్టం ఖాళీ అని గీత చూసి రూఢి చేసుకోండి. వెనక ప్రైమర్ లేదని చూడండి. మూతి మీ ముఖానికీ ఒంటికీ దూరంగా, ఆకాశం వైపు ఉండాలి.
2. మందు వేయండి.
3. గుండును మూతిలో కూర్చోబెట్టి, పొట్టి స్టార్టర్ కర్రతో మొదటి కొన్ని అంగుళాలు దించండి.
4. కడ్డీని మూతికి జానెడు ఎత్తులోనే పట్టుకుని, కొంచెం కొంచెంగా నెట్టండి. పైన ఎక్కడో పట్టుకుని బలంగా నెడితే కడ్డీ వంగి విరుగుతుంది, విరిగిన ముక్క అరచేతిలో దిగుతుంది.
5. గుండు మందును తాకాక ఒక్కసారి గట్టిగా, ప్రతిసారీ అదే బలంతో అదమండి. దంచకండి. రెండో గీత మూతికి సరిగ్గా వచ్చిందో లేదో చూడండి.
6. బల్ల దగ్గర కూర్చుని, మూతి అట్ట వైపు ఉన్నాక మాత్రమే ప్రైమర్ పెట్టండి.

ఇసుక సంచి తుపాకీ ముందు భాగంలో ఉండే చెక్క కింద ఉండాలి, గొట్టం కింద కాదు. ట్రిగ్గర్‌ని నెమ్మదిగా నొక్కుతూ పోండి. పేలక టిక్కుమని ఊరుకుంటే తుపాకీని అట్ట వైపే ఉంచి నిండు నిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

పేలాక తెల్లటి పొగ ముఖం మీదికొస్తుంది. పైరోడెక్స్ గానీ ట్రిపుల్ సెవెన్ గానీ వాడుతుంటే ప్రతి గుండు తర్వాత ఒక తడి గుడ్డ, రెండు పొడి గుడ్డలు. తడి గుడ్డ కాటుకలా నల్లగా వస్తుంది. ట్రిపుల్ సెవెన్‌తో మందు ఉండే చోటికి కాస్త పైన గట్టి మసి వలయం కడుతుంది. కడ్డీ దిగుతూ దిగుతూ అక్కడ గరుకుగా పట్టుకుంటుంది, చేతికి తెలుస్తుంది. దాన్ని తుడవకుండా రెండో గుండు దట్టిస్తే గుండు అక్కడే ఆగిపోయి, మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ప్రతి గుండు తర్వాత ఐదు నిమిషాలు గొట్టం చల్లారనివ్వండి. వేడి గొట్టంలో ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి గుండుని సరిగా పట్టుకోలేదు. పైగా వేటలో మీరు పేల్చబోయేది చల్లటి, శుభ్రమైన గొట్టంలోంచే. గురి కూడా అలాంటి గొట్టంతోనే కుదుర్చుకోవాలి.

25 గజాల దగ్గర మూడు గుండ్లు పేల్చండి. ఒక్క రంధ్రం చూసి స్కోప్ తిప్పొద్దు, మూడింటి నడుమ ఎక్కడుందో చూసి తిప్పండి. చాలా స్కోప్‌లలో బిరడా తిప్పితే పడే ఒక క్లిక్ అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం. దూరం తగ్గితే ఆ జరుగుడూ తగ్గుతుంది: 25 గజాల దగ్గర ఒక అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు, 50 దగ్గర 8, వంద దగ్గర 4. చాలామంది 25 దగ్గర నాలుగు క్లిక్కులు తిప్పి స్కోప్ పాడైందనుకుంటారు.

25 దగ్గర చుక్కలో పడ్డాక వంద గజాలకు వెళ్లండి. రెండు బిళ్లల మందు, 250 గ్రెయిన్ల గుండు అయితే 25 దగ్గర సరిగ్గా పడేది వంద దగ్గర కూడా దాదాపు అక్కడికక్కడే పడుతుంది. మధ్యలో 50 దగ్గర సుమారు అంగుళం పైన ఉంటుంది. 150 దగ్గర ఆరంగుళాల దాకా దిగిపోతుంది. ఈ అంకెలు దారి చూపడానికే, మీ తుపాకీ లెక్క మీ అట్ట మీదే తేలాలి. వంద దగ్గర మూడు గుండ్లు మూడు అంగుళాల లోపు పడితే వేటకు చాలు. జింక ముందు కాలి వెనక గుండే, ఊపిరితిత్తులూ ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. ఐదారు అంగుళాలకు చెదిరిపోతుంటే గుండు రకం మార్చండి, లేదా పొడి మందులో 90కి, 80కి దిగి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

కుదిరిన మందు, గుండు, ప్రైమర్ పేర్లు కాగితం మీద రాసి పిడికి అతికించండి. చివరగా బల్ల వదిలేసి, వేటలో కూర్చునే భంగిమలో, మోకాలి మీదో కర్ర మీదో ఆనించి రెండు గుండ్లు పేల్చండి. ఆ రెండూ ఎనిమిది అంగుళాల పళ్లెంలో ఎంత దూరం దాకా పడతాయో అదే మీ దూరం. నాకది 90 గజాలు. నూట ఇరవై దగ్గర ఎంత పెద్ద కొమ్ముల జింక నిలబడినా నేను పేల్చను.

ఆ రాత్రే కడగాలి

మసి తేమను పీల్చుకుని ఉక్కుని తినేస్తుంది. రేపు చూద్దామనుకుంటే రేపటికి ఎర్రబడుతుంది. బ్రీచ్ ప్లగ్ తీసి, వేడినీళ్లలో కాస్త గిన్నెలు తోమే సబ్బు కలిపి, గొట్టాన్ని మూతి బకెట్లో ముంచి కడ్డీతో పైకీ కిందికీ లాగండి. నీళ్లు నల్లబడితే మార్చండి. మంచి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పల్చగా నూనె రాయండి. ప్లగ్ మధ్యలో ఉండే సన్నటి నిప్పు రంధ్రాన్ని పిన్నుతో శుభ్రం చేసి, గ్రీజు రాసి బిగించండి. బ్లాక్‌హార్న్ వాడినవాళ్లు సబ్బు నీళ్లు కాకుండా దానికి తగిన ద్రావకం వాడాలి. మర్నాడు ఒక పొడి గుడ్డ దించి చూడండి, గోధుమ రంగు తగిలితే ఇంకోసారి నూనె.

వేట రోజు

వేకువన దట్టించే ముందు నూనె మిగలకుండా తుడిచి, ఒక ప్రైమర్ పేల్చి, ఆ తర్వాతే మందు వేయండి. మూతికి ఒక పొర టేపు అతికించండి, మంచూ వానా లోపలికి పోవు. దాని మీదుగానే పేల్చొచ్చు. కూర్చునే చోటికి చేరాకే ప్రైమర్. కారులో ఉన్నంతసేపూ తుపాకీలో ప్రైమర్ ఉండకూడదు. చెట్టు మీది స్టాండ్‌లో కూర్చుంటే, మీరు ఎక్కాక తాడుతో తుపాకీని పైకి లాక్కోండి, అప్పటికీ ప్రైమర్ పెట్టి ఉండకూడదు.

జింక పక్కవాటంగా నిలబడేదాకా ఆగండి. పేల్చాక పొగలో ఏమీ కనపడదు, అది ఏ వైపు పరిగెత్తిందో చెవులతో వినండి. కదలకుండా కూర్చుని ముందు తుపాకీ మళ్లీ దట్టించుకోండి. అరగంట ఆగి, గుండు తగిలిన చోటికి వెళ్లి నెత్తురు జాడ పట్టుకోండి.

ఆ రోజు ఏమీ కనపడకపోతే, దట్టించి ఉన్న తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తేవద్దు. చలిలోంచి వచ్చిన ఉక్కుకి చెమ్మ పట్టి మందు తడిసిపోతుంది, మర్నాడు టిక్కుమని ఊరుకుంటుంది. నేను ఏ రోజుకారోజు ఖాళీ చేసేస్తాను: ప్రైమర్ లేదని చూసి, బ్రీచ్ ప్లగ్ ఊడదీసి, మూతి టేపు తీసి, మూతి వైపు నుంచి కడ్డీతో నెడితే మందూ గుండూ వెనక నుంచి గుడ్డలో పడతాయి. గొట్టంలోంచి వెలుతురు కనపడుతుంది. అప్పుడు తాళం వేసే పెట్టెలో పెడతాను.